తెలుగు వెబ్‌సైటును వైకల్యం ఉన్నవారికి అందుబాటులోకి తేవాలంటే ఏ దారి ఎంచుకోవాలి?

ఒక డిగ్రీ కళాశాలకో, సహకార బ్యాంకుకో, ఆసుపత్రికో, పత్రికకో వెబ్‌సైటు ఉందనుకుందాం. చూపు లేనివారు, చూపు మందగించినవారు, వినికిడి లేనివారు, మౌస్ పట్టుకోలేనివారు కూడా ఆ సైటులో తమ పని తామే చేసుకోగలగాలని యాజమాన్యం నిర్ణయించుకుంది. వెంటనే నాలుగైదు దారులు ముందుకొస్తాయి. ఏడాదికి ఇంతని చందా కడితే ఒక విడ్జెట్ తగిలిస్తామని ఒక కంపెనీ వస్తుంది. అక్షరాలు మాత్రమే ఉండే విడి పేజీ పెడితే చాలని సైటు నిర్వహించే ఉద్యోగి అంటారు. ఉన్న సైటునే సరిచేద్దామని ఒకరు, మొత్తం కొత్తగా కట్టిద్దామని మరొకరు సలహా ఇస్తారు. వీటి ఖర్చులూ ఫలితాలూ ఒకదానికొకటి పోలిక లేనంత వేరుగా ఉంటాయి కాబట్టి, డబ్బు చెల్లించే ముందే వాటిని పక్కపక్కన పెట్టి చూసుకోవడం అవసరం.

పోల్చడానికి ఒక కొలబద్ద కావాలి. నేను వాడేది ఇది: చూపు లేని విద్యార్థిని ప్రవేశ దరఖాస్తును మొదటి గడి నుంచి ఫీజు రసీదు చేతికి వచ్చేదాకా ఎవరి సాయమూ లేకుండా పూర్తి చేయగలదా? మధ్యలో ఒక్కచోట తమ్ముణ్ణి పిలవాల్సి వచ్చినా, నెట్ సెంటరుకు వెళ్లాల్సి వచ్చినా ఆ సైటు ఆమెకు అందనట్టే లెక్క. నెట్ సెంటరుకు వెళ్లడమంటే పాస్‌వర్డు, ఓటీపీ, బ్యాంకు ఖాతా వివరాలు, ఒక్కోసారి సదరం సర్టిఫికెట్టులోని వైద్య వివరాలు కూడా పరాయి వ్యక్తి చేతిలో పెట్టడం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్ల మంది; ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షల పైచిలుకు. ఆ గణనలో ఎనిమిది వర్గాలే ఉన్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది కాబట్టి అసలు సంఖ్య అంతకంటే పెద్దదే అయి ఉండాలి.

ముందు స్థాయి తేల్చుకోవాలి

ఏ దారిలో వెళ్లినా గమ్యం ఏమిటో కాగితం మీద ఉండాలి. ప్రపంచమంతా వాడే ప్రమాణం, వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ ప్రచురించే డబ్ల్యూసీఏజీ (వెబ్ విషయాన్ని అందరికీ అందుబాటులో ఉంచే మార్గదర్శకాలు). దాని 2.0 రూపం 2008లో, 2.1 రూపం 2018లో, 2.2 రూపం 2023 అక్టోబరులో వచ్చాయి. ఇందులో ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అని మూడు స్థాయిలు ఉన్నాయి. ఎ స్థాయి మాత్రమే పాటిస్తే, పని జరగడానికి కనీసం కావలసినవి కొన్ని దక్కుతాయి గాని, చూపు మందగించినవారికి ప్రాణప్రదమైన రంగుల తేడా వంటి నిబంధన అందులోకి రాదు. ట్రిపుల్ ఎ స్థాయిని సైటు మొత్తానికీ లక్ష్యంగా పెట్టుకోవద్దని, కొన్ని రకాల విషయానికి అది సాధ్యమే కాదని ఆ ప్రమాణమే చెబుతోంది. కాబట్టి ఒప్పంద పత్రంలో 2.2 రూపం, డబుల్ ఎ స్థాయి అని రాయించుకోండి. వినికిడి లేనివారి కోసం సేవ చేసే సంస్థ అయితే, ట్రిపుల్ ఎ కింద ఉన్న సంకేత భాషా వీడియో నిబంధనను అదనంగా చేర్చుకోవడం మంచిది. ఎందుకంటే పుట్టుకతో వినికిడి లేని చాలామందికి సంకేత భాషే మొదటి భాష, రాసిన తెలుగు రెండో భాష.

చట్టం మాటకు వస్తే, 2016 చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది, అందులోని 46వ సెక్షన్ ప్రైవేటు సేవా సంస్థలకు కూడా వర్తిస్తుంది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు, ఆ చట్టం కింద చేసిన నియమాల్లో, అందుబాటు ప్రమాణాలను కేవలం సలహాలుగా వదిలేసిన 15(1) నియమం చట్టానికి విరుద్ధమని చెప్పి, తప్పనిసరి నియమాలు రూపొందించాలని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో మరో అడుగు ముందుకు వేసి, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని తేల్చింది. యాసిడ్ దాడికి గురై కనురెప్పలు ఆర్పలేని స్థితిలో ఉన్నవారిని, చూపు లేనివారిని 'కళ్లు ఆర్పండి' అని అడిగే ఈ-కేవైసీ (ఆన్‌లైన్‌లో వ్యక్తి గుర్తింపును ధ్రువీకరించే) పద్ధతి ఎలా బయటికి నెట్టేస్తోందో ఆ కేసులో చర్చకు వచ్చింది. ప్రభుత్వ సైట్లకు జీఐజీడబ్ల్యూ 3.0 మార్గదర్శకాలు, వాటితోపాటు ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం ఉన్నాయి. హైదరాబాదు నుంచి యూరప్ వినియోగదారుల కోసం ఆన్‌లైన్ అంగళ్లు తయారుచేసే సంస్థలు, అక్కడ 2025 జూన్ 28 నుంచి వర్తిస్తున్న అందుబాటు చట్టాన్ని కూడా చూసుకోవాలి.

విడ్జెట్టా, మూలంలో మరమ్మతా?

ఎక్కువ మంది తడబడేది ఈ ఎంపిక దగ్గరే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

విడ్జెట్ అంటే సైటు కోడులో ఒక వరుస అతికిస్తే, పేజీ మూలన మనిషి బొమ్మతో తేలుతూ కనిపించే బటన్. దాన్ని నొక్కితే అక్షరాల పరిమాణం పెంచడం, రంగులు మార్చడం, పేజీని చదివి వినిపించడం వంటి సదుపాయాలు తెరుచుకుంటాయి. అమ్మేవారు చూపించేటప్పుడు ఇది చాలా ఆకర్షణీయంగా ఉంటుంది, ఎందుకంటే చూసేవారికి చూపు ఉంటుంది. అసలు వాడవలసినవారి వైపు నుంచి చూస్తే లెక్క మారిపోతుంది. తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేరును స్క్రీన్ రీడర్ అంటారు. అది వాడే వ్యక్తి కంప్యూటర్ తెరిచినప్పటి నుంచీ ఆ స్క్రీన్ రీడర్ నడుస్తూనే ఉంటుంది. మీ సైటు దాకా రాగలిగినవారికి మీ సైటులో మరో గొంతు అవసరం లేదు. రెండు గొంతులూ ఒకేసారి మాట్లాడితే ఏదీ అర్థం కాదు. అక్షరాలు పెద్దవి చేసుకోవడం బ్రౌజరులో కంట్రోల్, ప్లస్ మీటలు కలిపి నొక్కితే జరిగిపోతుంది. కొన్ని విడ్జెట్లు కీబోర్డు మీటలను తమ వైపు లాక్కుని, వాడుకరి ఏళ్ల తరబడి అలవాటు చేసుకున్న పద్ధతిని చెడగొడతాయి.

అంతకంటే పెద్ద లోపం, అడుగున ఉన్న కోడు అలాగే ఉండిపోవడం. ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. దరఖాస్తులో 'తండ్రి పేరు' అని రాసి, పక్కన ఒక గడి ఉంది. కంటికి ఆ రెండూ ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి గాని, కోడులో వాటికి సంబంధం కలపలేదు. స్క్రీన్ రీడరుతో ట్యాబ్ నొక్కుతూ ఆ గడిలోకి వెళితే 'ఎడిట్, ఖాళీ' అని మాత్రమే వినబడుతుంది. మళ్లీ ట్యాబ్ నొక్కితే మళ్లీ 'ఎడిట్, ఖాళీ'. ఇరవై గడులు ఉంటే ఇరవై సార్లూ అదే మాట. ఏ గడిలో ఊరి పేరు రాయాలో, దేనిలో ఆధార్ సంఖ్య వేయాలో ఊహించుకోవాల్సిందే. కోడు తెలిసినవారు లేబుల్ అనే మూలకంతో ఆ పేరును ఆ గడికి ముడివేస్తే, అదే చోట 'తండ్రి పేరు, ఎడిట్, ఖాళీ' అని వినబడుతుంది. ఒక్కో గడికి పట్టే శ్రమ నిమిషాల్లో ఉంటుంది. 'సమర్పించు' బటన్ కథ కూడా ఇంతే. దాన్ని బటన్ మూలకంతో కాకుండా ఉత్త డివ్ పెట్టెకు రంగు వేసి తయారుచేస్తే, మౌస్‌తో నొక్కినప్పుడు పనిచేస్తుంది గాని, ట్యాబ్ మీట దాన్ని దాటుకుపోతుంది. ఇరవై గడులూ కష్టపడి నింపినవారు చివరి మెట్టు దగ్గర నిలిచిపోతారు. ఈ ముడి ఏమిటో విడ్జెట్ తనంతట తాను ఊహించి వేయడానికి ప్రయత్నిస్తుంది. ఊహ సరైతే సరే, తప్పితే తల్లి పేరు గడిని తండ్రి పేరుగా చదివి వినిపిస్తుంది. అటువంటి పొరపాటు దరఖాస్తు తిరస్కరణకు దారితీస్తే నష్టపోయేది విద్యార్థే.

ఈ రంగంలో పేరున్న యాక్సెసిబీ అనే కంపెనీ, తన విడ్జెట్ ఏ సైటునైనా డబ్ల్యూసీఏజీకి అనుగుణంగా మార్చేస్తుందని ప్రచారం చేసుకున్నందుకు, ఆ ప్రచారం తప్పుదోవ పట్టించేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. పది లక్షల డాలర్లు చెల్లించాలన్న ఆదేశంతో ఆ వ్యవహారం 2025లో పరిష్కారమైంది. మన దగ్గర ఇలాంటి ఉత్పత్తులు అమ్మేవారిని కలిసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది. ఒక్క స్క్రిప్టుతో చట్టం మొత్తం పాటించినట్టవుతుందని ఎవరైనా రాసిచ్చినా నమ్మవద్దు.

మూలంలో మరమ్మతు అంటే భయపడేవారికి ధైర్యం చెప్పే లెక్క ఒకటి ఉంది. వెబ్‌ఎయిమ్ అనే సంస్థ ఏటా పది లక్షల సైట్ల ముఖపుటలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2025లో నూటికి 94.8 పేజీల్లో కనీసం ఒక లోపం దొరికింది. ఆ అంకె నిరాశ కలిగిస్తుంది గాని, దాని వెనకే మరో అంకె ఉంది: దొరికిన లోపాల్లో నూటికి 96 కేవలం ఆరు రకాలవే. వెలిసిన రంగులో అక్షరాలు, బొమ్మలకు వివరణ లేకపోవడం, గడులకు పేర్లు లేకపోవడం, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు, పేజీ ఏ భాషలో ఉందో చెప్పకపోవడం. ఈ ఆరింటినీ టెంప్లేటులో, అంటే చాలా పేజీలకు ఉమ్మడిగా ఉండే మూల నమూనాలో, ఒకసారి దిద్దితే వందల పేజీలు ఒక్కసారిగా బాగుపడతాయి. రంగుల సంగతే తీసుకోండి. మామూలు అక్షరాలకూ వెనకనున్న రంగుకూ మధ్య కనీసం 4.5కు 1 తేడా ఉండాలి, పెద్ద అక్షరాలకు 3కు 1 చాలు. తెల్లని నేపథ్యం మీద, కోడులో 777777 అని రాసే బూడిద రంగు 4.48 దగ్గర తప్పిపోతుంది. 767676 అనే బూడిద రంగు 4.54తో నెగ్గుతుంది. ఈ రెండు రంగులనూ పక్కపక్కన పెడితే తేడా కనిపెట్టడం కష్టం. అందం చెడిపోతుందనే డిజైనరు అభ్యంతరానికి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

కాబట్టి నా సలహా స్పష్టం. విడ్జెట్ చందాకు పెట్టే సొమ్ము ఉంటే, అది కోడు సరిచేసే మనిషికి ఇవ్వండి. చందా ఆపిన రోజున విడ్జెట్ పోతుంది, సైటు మళ్లీ మొదటికి వస్తుంది. దిద్దిన కోడు ఉండిపోతుంది. ప్రభుత్వ సైట్లలో పైభాగాన కనిపించే అక్షరాలు పెంచే, తగ్గించే బటన్ల వల్ల హాని లేదు, బ్రౌజరు సదుపాయాలు తెలియని పెద్దవారికి అవి కొంత ఉపకారమే. అయితే అవి ఉన్నంత మాత్రాన సైటు అందుబాటులో ఉన్నట్టు కాదు.

విడి పేజీ, మరమ్మతు, కొత్త నిర్మాణం

అక్షరాలు మాత్రమే ఉండే విడి సైటు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ప్రమాణం దాన్ని కొన్ని షరతులతో అనుమతిస్తుంది, కానీ ఆచరణలో అసలు సైటులో నోటీసు మారినప్పుడు విడి పేజీలో మార్చేవారు ఉండరు. పరీక్ష తేదీ వాయిదా పడితే చూపు ఉన్నవారికి కొత్త తేదీ, చూపు లేనివారికి పాత తేదీ కనిపిస్తుంది. ఇది ఎంచుకోవద్దు.

మరమ్మతా, కొత్త నిర్మాణమా అన్నది మాత్రం నిజంగా ఆలోచించాల్సిన ప్రశ్న. సైటు వర్డ్‌ప్రెస్ వంటి వ్యవస్థ మీద నడుస్తూ, టెంప్లేట్లు కొద్దిగానే ఉంటే మరమ్మతు చాలు. అందులో 'యాక్సెసిబిలిటీ రెడీ' అనే గుర్తుతో వచ్చే థీములు ఉన్నాయి. థీమును మార్చడంతోనే శీర్షికల క్రమం, కీబోర్డు కదలిక వంటివి చాలావరకు కుదురుకుంటాయి. తర్వాత తగిలించే ప్లగిన్లు వాటిని మళ్లీ పాడుచేయకుండా చూసుకోవాలి. సైటు పదేళ్ల క్రితం ఎవరో రాసి వదిలేసినదై, కోడు ఎవరి దగ్గర ఉందో కూడా తెలియకపోతే, ఫోనులో పేజీ పక్కకు జరిపితే గాని కనబడకపోతే, లేదా తెలుగు అక్షరాలు యూనికోడులో (అన్ని పరికరాలూ గుర్తించే ఉమ్మడి అక్షర సంకేత పద్ధతిలో) లేకపోతే కొత్తగా కట్టించడమే చవక. పెద్ద సైట్లకు మధ్యేమార్గం ఒకటుంది: ముఖపుట, దరఖాస్తు, చెల్లింపు, ఫలితాలు, సంప్రదింపు అనే అయిదు దారులను ముందు పూర్తిగా సరిచేసి, మిగిలినవి వరుసగా చేపట్టడం. అన్ని పేజీలనూ పావు వంతు బాగుచేయడం కంటే అయిదు దారులను చివరిదాకా బాగుచేయడం మేలు, ఎందుకంటే పావు వంతు బాగుపడ్డ దరఖాస్తుతో ఎవరికీ సీటు రాదు.

తెలుగు సైట్లకు ప్రత్యేకమైన ఎంపికలు

ఇంగ్లిషులో రాసిన మార్గదర్శకాల్లో దొరకని చిక్కులు మనకు కొన్ని ఉన్నాయి. మొదటిది ఫాంటు. డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ అను ఫాంట్లలో టైపు చేసే అలవాటు ఉంది. ఆ పద్ధతిలో తెరమీద 'అ' కనిపిస్తున్నా, లోపల నిల్వ అయ్యేది ఏదో ఇంగ్లిషు అక్షరమో గుర్తో. చూసే కంటికి తెలుగు, వినే చెవికి గందరగోళం. యూనికోడుకు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాటితో మార్చి, ఒత్తులూ సున్నాలూ సరిగా వచ్చాయో లేదో మనిషి ఒకసారి చదివి, అప్పుడు పెట్టాలి. ఈ శ్రమకు ప్రత్యామ్నాయం లేదు.

రెండోది పేజీ భాష. కోడు మొదట్లో భాష తెలుగు అని 'టీఈ' సంకేతంతో చెప్పకపోతే, కొన్ని స్క్రీన్ రీడర్లు ఇంగ్లిషు గొంతుతో తెలుగు చదవబోయి అక్షరాలను వదిలేస్తాయి లేదా ఒక్కొక్క అక్షరం పేరూ చెప్పుకుంటూ పోతాయి. చాలా తెలుగు సైట్లు ఇంగ్లిషు టెంప్లేటు తెచ్చుకుని, అందులోని ఇంగ్లిషు సంకేతాన్ని అలాగే వదిలేస్తాయి. పేజీ మధ్యలో ఇంగ్లిషు పేరా వస్తే ఆ ముక్కకు విడిగా ఇంగ్లిషు సంకేతం ఇవ్వాలి. ఇది ఒక్క మాట మార్పు, దీనివల్ల కలిగే ప్రయోజనం మాత్రం పేజీ అంతటికీ.

మూడోది వరుసల మధ్య ఎడం. మన లిపిలో ఒత్తులు కిందికి, గుడులు పైకి సాగుతాయి. ఇంగ్లిషుకు కొలిచిన ఎత్తులో బటన్ చేస్తే 'రాష్ట్ర' అనే మాటలో కింది ఒత్తులు తెగిపోతాయి. వరుస ఎడాన్ని అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లు పెంచుకున్నా విషయం తెగకుండా, కలిసిపోకుండా ఉండాలని ప్రమాణం అడుగుతుంది కాబట్టి, తెలుగులో బటన్ల ఎత్తును స్థిరంగా కట్టేయకుండా, లోపలి అక్షరాలను బట్టి పెరిగేలా వదలాలి.

నాలుగోది, అన్నిటికంటే విస్తారంగా కనిపించేది, నోటీసుల రూపం. సర్క్యులరు మీద సంతకం పెట్టించి, స్కాన్ చేసి, పీడీఎఫ్‌గా సైటులో పెట్టడం మన కార్యాలయాల అలవాటు. స్కాన్ చేసిన పీడీఎఫ్ అంటే ఫొటోయే. అందులో స్క్రీన్ రీడరుకు ఒక్క అక్షరం కూడా దొరకదు. వాట్సాప్‌లో పంపడానికి చేసిన రంగుల పోస్టరును అలాగే సైటులో పెట్టినా ఫలితం అదే. ఇక్కడ ఎంపిక మూడింటి మధ్య. వర్డ్ ఫైలులో శీర్షికలకు హెడింగ్ శైలులు వాడి, ట్యాగులతో కూడిన పీడీఎఫ్‌గా సేవ్ చేయడం ఒకటి. ఇది స్కానుకంటే ఎంతో నయం, అయితే పీడీఎఫ్ లోపల తెలుగు అక్షరాలు ఒక్కోసారి క్రమం తప్పుతాయి కాబట్టి పెట్టే ముందు అందులోంచి ఒక పేరా కాపీ చేసి, నోట్‌ప్యాడులో అతికించి, సరిగా వచ్చిందో లేదో చూడాలి. స్కాను మీద అక్షరాలను గుర్తించే ఓసీఆర్ నడపడం రెండోది. పాత పత్రాల గుట్టకు పనికొస్తుంది గాని, పేర్లు, అంకెలు తప్పుగా వచ్చే ప్రమాదం ఉంది కనుక ఫలితాలకూ ఫీజులకూ వాడవద్దు. నోటీసును మామూలు వెబ్ పేజీగా రాసి, సంతకం ఉన్న స్కానును కింద జతపరచడం మూడోది. కొత్త నోటీసులన్నింటికీ మూడోదే ఎంచుకోండి. ఫోనులో చదివే చూపున్నవారికి కూడా అదే సుఖం.

పరీక్షించే పద్ధతుల్లో ఏది నమ్మాలి?

లోపాలను యంత్రంతో వెతికే యాక్స్, వేవ్, లైట్‌హౌస్ వంటి పరికరాలు బ్రౌజరులోనే ఉచితంగా నడుస్తాయి. వాటితో మొదలుపెట్టండి, వాటితో ఆగిపోకండి. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం కావాలనే లోపాలతో నింపిన ఒక పేజీని తయారుచేసి 2017లో ఇటువంటి పరికరాలను దాని మీద ప్రయోగిస్తే, అన్నిటికంటే బాగా పనిచేసినది సుమారు నూటికి 40 లోపాలనే పట్టింది. బొమ్మకు వివరణ ఉందో లేదో పరికరం చెప్పగలదు. ఆ వివరణ 'ఐఎంజీ 0042' అయితే అది పనికిరాదని చెప్పవలసింది మనిషే. అందుకే లైట్‌హౌస్‌లో నూటికి నూరు వచ్చిందని చూపించి చివరి వాయిదా అడిగే గుత్తేదారుకు, ఆ ఒక్క అంకె ఆధారంగా సొమ్ము ఇవ్వకూడదు.

చేతి పరీక్షలో మొదటిది మౌస్‌ను పక్కన పెట్టేయడం. ట్యాబ్, ఎంటర్, స్పేస్, బాణపు మీటలతోనే దరఖాస్తు పూర్తి చేయాలి, ప్రతి అడుగులోనూ మనం ఏ బటన్ మీద ఉన్నామో చుట్టూ గీతతో కనిపించాలి. రెండోది పేజీని నాలుగు రెట్లు పెద్దది చేసి, పక్కకు జరపకుండా చదవగలమా అని చూడడం. మూడోది స్క్రీన్ రీడరుతో వినడం. ఏ స్క్రీన్ రీడరుతో అన్న ప్రశ్నకు మన పరిస్థితుల్లో జవాబు తేలికే. విండోస్‌లో ఎన్‌వీడీఏ, ఫోనులో ఆండ్రాయిడ్‌తో వచ్చే టాక్‌బ్యాక్. ఎన్‌వీడీఏను చూపు లేని ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టారు, చూపు లేని మరో యువకుడు జేమ్స్ టే ఆయనతో చేరారు. అది ఉచితం, దానితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు చదువుతుంది. ఆ గొంతు యాంత్రికంగా ఉంటుంది, కానీ వేగం పెంచినా స్పష్టంగా వినబడుతుందని దాన్నే ఇష్టపడేవారు ఉన్నారు. జాస్ అనే మరో స్క్రీన్ రీడర్ శక్తిమంతమైనదే గాని ఖరీదైనది. ఉద్యోగులు వాడే అంతర్గత సైటు అయితే, వారి కార్యాలయాల్లో అది ఉంటే, దానితోనూ పరీక్షించాలి. ఐఫోనులోని వాయిస్‌ఓవర్‌ను మీ వాడుకరులను బట్టి చేర్చుకోండి.

అన్నిటికంటే బరువైన సాక్ష్యం వైకల్యం ఉన్న వాడుకరులది. చూపున్న ఇంజినీరు కళ్లు మూసుకుని చేసే పరీక్ష, రోజూ అలాగే పనిచేసే మనిషి అనుభవానికి సాటి రాదు. చూపు లేనివారు ఒకరు, చూపు మందగించినవారు ఒకరు, కీబోర్డు మాత్రమే వాడేవారు ఒకరు, వినికిడి లేనివారు ఒకరు ఉంటే చిన్న సైటుకు మంచి ఆరంభం. వారికి పారితోషికం ఇవ్వండి. ఇది నైపుణ్యం ఉన్న పని. 'మీ మేలు కోసమే కదా' అని ఉచితంగా చేయించుకోవడం న్యాయం కాదు. కోడు అంతా అయిపోయాక పిలవడం కంటే, దరఖాస్తు నమూనా తయారైనప్పుడే పిలిస్తే దిద్దుబాటు ఖర్చు తగ్గుతుంది.

క్యాప్చా, ఓటీపీ, వీడియో

అన్ని గడులూ సరిగా చదివే దరఖాస్తును కూడా చివర ఒక వంకర అక్షరాల బొమ్మ, అంటే నింపేది మనిషా యంత్రమా అని తేల్చే క్యాప్చా, మూసేయగలదు. బొమ్మ క్యాప్చా చూపు లేనివారిని ఆపుతుంది. శబ్ద క్యాప్చా వినికిడి లేనివారిని, ఇంగ్లిషు ఉచ్చారణ అలవాటు లేనివారిని ఆపుతుంది. చూపూ వినికిడీ రెండూ లేనివారికి దారే లేదు. యంత్రాలను ఆపడానికి మనుషుల కంటబడని, యంత్రాలే నింపే ఉచ్చు గడి పెట్టడం, ఒకే చోటు నుంచి వచ్చే ప్రయత్నాలకు పరిమితి విధించడం వంటివి సర్వరు వైపు చేసుకోవచ్చు. చిన్న సైట్లకు సాధారణంగా ఇవి సరిపోతాయి. ఓటీపీ వాడేటట్లయితే దాన్ని అతికించనివ్వాలి, ఆరు అంకెలకు ఆరు విడి గడులు కాకుండా ఒకే గడి ఉండాలి, గడువు ముగిసేలోపు పొడిగించుకునే లేదా మళ్లీ తెప్పించుకునే వీలుండాలి, అప్పటివరకు నింపినది చెరిగిపోకూడదు. స్క్రీన్ రీడరుతో సందేశం తెరిచి, అంకెలు విని, తిరిగి పేజీలోకి రావడానికి చూపున్నవారి కంటే ఎక్కువ సమయం పడుతుందని సమయం నిర్ణయించేవారు గుర్తించాలి.

వీడియోలకు మాటలు అక్షరాల్లో రావడం ఎ స్థాయి నిబంధనే, అంటే కనీస అవసరం. యంత్రం తయారుచేసిన తెలుగు అక్షరాలను దిద్దకుండా పెట్టవద్దు. ఊళ్ల పేర్లు, మందుల పేర్లు తప్పుపోతే నష్టం ఎక్కువ.

పని అప్పగించేటప్పుడు

గుత్తేదారును ఎంచుకునేటప్పుడు ధరల పట్టికకు ముందు, వారు ఇదివరకు చేసిన ఒక సైటును మీ ఎదుట కీబోర్డుతో, ఎన్‌వీడీఏతో నడిపి చూపించమనండి. తడుముకోకుండా చూపించగలిగినవారు తక్కువ ధర చెప్పినవారికంటే మీకు తక్కువ ఖర్చులో తేలుతారు. ఒప్పందంలో ప్రమాణం రూపం, స్థాయి, పరీక్షించే స్క్రీన్ రీడర్ల పేర్లు, పూర్తి కావలసిన దారుల జాబితా రాయండి. చివరి వాయిదాను వాడుకరుల పరీక్షకు ముడిపెట్టండి. నోటీసులు పెట్టే గుమాస్తాకు ఒక పూట శిక్షణను కూడా అందులోనే చేర్చండి, ఎందుకంటే గుత్తేదారు వెళ్లిపోయాక సైటును రోజూ ముట్టుకునేది వారే: బొమ్మకు వివరణ రాయడం, శీర్షికను లావు అక్షరాలతో సరిపెట్టకుండా శీర్షికగానే గుర్తించడం, 'ఇక్కడ నొక్కండి' అనే బదులు 'మొదటి సంవత్సరం ఫలితాలు' అని లింకుకు పేరు పెట్టడం వారికి నేర్పాలి.

సైటు అడుగున ఒక అందుబాటు ప్రకటన పేజీ ఉంచండి. ఏ స్థాయి పాటిస్తున్నారో, ఇంకా ఏవి సరికాలేదో నిజాయితీగా రాసి, ఇబ్బంది ఎదురైతే రాయడానికి ఒక ఈ-మెయిల్, మాట్లాడడానికి ఒక ఫోను నంబరు, సందేశం పంపడానికి ఒక నంబరు ఇవ్వండి. వినికిడి లేనివారికి ఫోను నంబరు ఒక్కటే ఇస్తే అది వారికి ఉపయోగపడదు. వచ్చిన ఫిర్యాదుకు ఎన్ని రోజుల్లో జవాబిస్తారో, ఆ లోపు దరఖాస్తు గడువు ముగిసిపోతే ఏం చేస్తారో కూడా ఆ పేజీలోనే రాయండి.